బోర్డు ముందు మా బావ

మా బావకు మతిమరుపు మొదలైన రోజున నేను పడీపడీ నవ్వాను. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను ల్యాంప్ రూంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గోదావరిఖనిలో మా వాళ్ళు బొగ్గుగనిని బాయి అంటారు. బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ లైటు అందివ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం నా పని. ఒక్కో మనిషికి ఒక్కో లైటు నంబరుంటుంది. బాయిలో ఉన్నన్నాళ్ళూ అదే నంబరు. మా దగ్గర సొంత పెళ్ళిరోజు మరిచిపోయేవాళ్ళుంటారు గానీ లైటు నంబరు మరిచిపోయేవాళ్ళు ఉండరు. అట్లాంటిది, ఓ పొద్దున మూడో షిఫ్టు ముగించుకుని పైకి వచ్చిన మా బావ, లైటు చేతిలో పట్టుకుని నా కిటికీ ముందు నిలబడిపోయాడు.

"బామ్మర్దీ, నా నంబరెంతరా?" అన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. పంపు ఆపరేటరు. బాయి అడుగున ఎప్పుడూ నీళ్ళు ఊరుతూ ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు పంపులతో పైకి తోడిపోయకపోతే పనిచేసే చోటల్లా మునిగిపోతుంది. ఆ పంపుల దగ్గర కూర్చునే మనిషి ఆయన. మా ఇద్దరి మధ్య మాటంటే వేళాకోళమే. నేను ఊరుకుంటానా?

"మా అక్కను చేస్కున్న నాడే నీ మతి పోయిందనుకున్న. ఇప్పుడు నంబరు గూడ పోయిందా బావా?" అన్నాను.

ఆయన వెంటనే నవ్వలేదు. లైటు వంక, నా వంక కాసేపు చూశాడు. తర్వాత అటూ ఇటూ చూసి, కిటికీలోకి ముఖం పెట్టి, "బోర్డుకు ప్రాక్టీస్ చేస్తున్న బామ్మర్దీ" అని కన్ను కొట్టాడు. అప్పుడు నవ్వాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా. వెనక వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు.

బోర్డంటే మెడికల్ బోర్డు. రోగం వల్ల ఇక డ్యూటీ చెయ్యలేడని డాక్టర్ల బోర్డు తేల్చి అన్‌ఫిట్ రాస్తే, ఆ మనిషి నౌకరీ కొడుక్కి వచ్చే వీలుంటుంది. బోర్డుకు వెళ్ళేవాళ్ళలో నిజమైన రోగులే ఎక్కువ. దుమ్ము పీల్చి, నడుములు విరిగి, చెవులు పోయి ఉన్నవాళ్ళకు కొదవేముంది? కానీ చదువు అయిపోయి కొడుకు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే, ఏ తండ్రికైనా ఒక ఆశ పుడుతుంది. చాయ్ హోటల్ దగ్గర చేరి నడుం నొప్పి ఎట్లా నటించాలో, ఎంత చెవుడు చూపించాలో ఒకరికొకరు పాఠాలు చెప్పుకునేవాళ్ళు. డాక్టర్లు అంత సులువుగా నమ్మే మనుషులు కారు. చాలామందిని వెనక్కి పంపేవాళ్ళు. అయినా పాఠాలు ఆగేవి కావు. మా అల్లుడు, అంటే బావ కొడుకు, ఐటీఐ పూర్తి చేసి ఇంట్లోనే ఉన్నాడు. కాబట్టి బావ మాట నేను అక్షరాలా నమ్మాను. మావాళ్ళందరూ నమ్మారు. మరో చోటైతే మనిషి తన నంబరు మరిచిపోతే దవాఖానకు తీసుకుపోతారు. మా దగ్గర భుజం తట్టారు.

ఆయన నిద్ర గురించి చెప్పాలి, లేకుంటే ఈ కథ అర్థం కాదు. షిఫ్టులు వారానికోసారి మారతాయి. మూడో షిఫ్టంటే రాత్రంతా మేలుకోవాలి గనక అందరికీ ఏడుపే. ఆ వారం వచ్చిందంటే క్వార్టర్లలో పగలు పిల్లల్ని బయటికి తరిమి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆడవాళ్ళు గిన్నె చప్పుడు కూడా కానివ్వరు. మా బావ మాత్రం ఆ షిఫ్టును అడిగి మరీ తీసుకునేవాడు. "నీ మూడో షిఫ్టు నాకియ్యి, నా ఫస్ట్ షిఫ్టు నువ్వు తీస్కో" అని తోటివాళ్ళతో మార్చుకునేవాడు. ఎందుకంటే కమాన్‌పూర్ దగ్గర వాళ్ళ నాన్న నాటి పొలం ఉంది. పొద్దున బాయి నుంచి రాగానే నాలుగు మెతుకులు తిని, మోపెడ్ మీద పొలానికి పోయేవాడు. పత్తికి మందు కొట్టడం, మడికి నీళ్ళు పెట్టడం, అన్నీ ఆయనే. మధ్యాహ్నం వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని ఒక కునుకు తీసేవాడు. అంతే నిద్ర. ఏళ్ళ తరబడి అంతే.

దానికి మేమంతా ఆయన్ని ఎంత పొగిడేవాళ్ళమో! "నీ బావను జూసి నేర్చుకోరా, ముద్ద మింగితే చాలు మొద్దు లెక్క పంటవు" అని మా అమ్మ నన్ను తిట్టేది. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా మా అమ్మానాన్నలు బావ గురించి "మా అల్లుడు పండుడే ఎరుగడు" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నిద్రపోవడమంటే సోమరితనమని, నిద్ర చంపుకోవడమంటే మగతనమని మా అందరి బుర్రల్లోనూ ఉండేది. ఆయనకూ అదే గర్వం. "నాకు కండ్లు మూసి తెరిస్తే చాలు బామ్మర్దీ" అనేవాడు. పంపుల రొదలో ఏళ్ళకేళ్ళు కూర్చుని చెవులు కూడా మందగించాయి. చెవి మిషను పెట్టుకోమని దవాఖానలో చెబితే, "ముసలోని లెక్క కనవడ్త" అని ఇంటికి తెచ్చుకోనే లేదు. బీపీ గోలీలు గుర్తొస్తే వేసుకునేవాడు, లేకపోతే లేదు. రాను రాను నలుగురిలో మాట వినపడక ముభావంగా కూర్చోవడం అలవాటైంది. అదీ మాకు నటనలో భాగమే అనిపించింది. మా తెలివి అట్లా ఏడ్చింది!

ఆ లైటు నంబరు తర్వాత ఆయన ప్రాక్టీసు జోరందుకుంది. ఒకసారి డ్యూటీ నుంచి వచ్చి పక్క వీధి క్వార్టరులోకి వెళ్ళి, చెప్పులు విప్పి, మంచం మీద కూర్చున్నాడు. అన్ని క్వార్టర్లూ ఒకే తీరుగా ఉంటాయి నిజమే, కానీ అక్కడ ఉన్నవాళ్ళు కూడా చాయ్ పోసి, "శభాష్, బోర్డు పాసైతవ్" అని నవ్వి పంపించారు. పొలంలో ఒక మడికి రెండుసార్లు యూరియా చల్లాడు. పంపు మొదలుపెట్టే ముందు తిప్పాల్సిన వాల్వు తిప్పకుండా నిలబడితే, పక్కనున్న హెల్పర్ తిప్పి, ఎవరికీ చెప్పలేదట. చెబితే ఆయన నాటకం పాడవుతుందేమోనని. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది.

మా అక్కకు మాత్రం అనుమానం తగిలింది. ఓ రోజు మా ఇంటికి వచ్చి, గడపలోనే కూర్చుని, "తమ్మీ, మీ బావ ఇంట్ల గూడ గిట్లనే చేస్తున్నడు. ఇంట్ల ఎవరు జూస్తున్నరని చేస్తడు? నిన్న అన్నం తిన్నంక మళ్ళ పెట్టుమన్నడు. నాకు బుగులైతుందిరా" అంది.

"అలవాటు గావాలె గదక్కా. బోర్డు ముందట ఒక్కసారే చేస్తే వస్తదా?" అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇంకోసారి బావే అడిగాడు. ఇద్దరం పొలం గట్టున కూర్చుని ఉన్నాం. మధ్యాహ్నం. గడ్డిపోచ తుంచుతూ, "బామ్మర్దీ, నిజంగనే అయితే ఎట్లరా?" అన్నాడు.

"ఏంది నిజంగనే అయితే?"

"గిదే. మతి."

"అయితే మంచిదే గదా. యాక్టింగ్ తిప్పలు తప్పుతయ్" అన్నాను. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతో మాట అక్కడికి ఆగిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మనిషి భయంతో చెయ్యి చాపితే నేను వేళాకోళంతో తోసేశాను. బావా బామ్మర్దుల మధ్య నిజం చెప్పుకునే అలవాటు లేకపోవడం ఎంత దరిద్రమో నాకు అప్పుడు తెలియలేదు.

బావ పెట్టుకున్న దరఖాస్తుకు బోర్డు నుంచి పిలుపు వచ్చింది. ముందు రోజు సాయంత్రం మా అక్క వాళ్ళ వరండాలో నేను డాక్టరునయ్యాను. అల్లుడు కుర్చీ వేశాడు. "నీ పేరేంది? ఇది ఏ నెల? పొద్దుగాల ఏం తిన్నవ్? నీ కొడుకు పేరేంది?" అని వరసగా అడిగాను. ప్రతిదానికీ తప్పే చెప్పాలని ముందే నేర్పించాను. ఏ ఒక్క జవాబు కరెక్టుగా చెప్పినా కొంప మునుగుతుందని బెదిరించాను కూడా. నెల తప్పు చెప్పాడు. తిన్నది తప్పు చెప్పాడు. కొడుకు పేరు అడిగితే మా అల్లుడి ముఖంలోకి చూస్తూ చాలాసేపు ఊరుకుని, తన చనిపోయిన తమ్ముడి పేరు చెప్పాడు.

"అబ్బ! ఏం చేసినవ్ బావా, సినిమాల్ల పుట్టాల్సినోనివి!" అని చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఆయన వెంట నేనే వెళ్ళాను. ఆయన లోపలికి పోయాడు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. బయటికి వచ్చేసరికి చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. "ఎట్లయింది బావా?" అంటే నీళ్ళ సీసా అడిగాడు. తర్వాత తలకు స్కానింగ్ రాశారు, మళ్ళీ పిలిచారు. కొన్నాళ్ళకు అన్‌ఫిట్ వచ్చింది. కాగితంలో రోగం పేరేం రాశారో మేమెవరమూ చూడలేదు.

ఆ రోజు మా ఇంట్లో పండగే పండగ. మేకను కోశారు, కల్లు తెప్పించారు, ఒక పెద్ద పళ్ళెం నిండా జిలేబీలు. బాయి మీది వాళ్ళందరూ వచ్చారు. వచ్చిన ప్రతివాడూ బావ చేయి పట్టుకుని ఊపి, "ఏం యాక్టింగ్ చేసినవన్నా! డాక్టర్లనే బోల్తా కొట్టించినవ్!" అన్నాడు. బావ కొత్త చొక్కా వేసుకుని, అందరికీ తల ఊపుతూ కూర్చున్నాడు. నడుమ మా అక్కను దగ్గరికి పిలిచి, "ఎవరి పెండ్లే?" అని అడిగాడు.

దావత్‌కు వచ్చిన జనం అంతా గొల్లుమన్నారు. ఇంకా బంద్ చేస్తలేడు చూడు అన్నారు. నేను కూడా నవ్వాను. మా అక్క నవ్వలేదు.

మా అల్లుడికి నౌకరీ వచ్చింది. డ్యూటీలో చేరాడు. బావ మాత్రం ప్రాక్టీసు ఆపలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి లుంగీ తలకు చుట్టుకుని, అది విప్పడం ఎట్లాగో తెలియక చిరాకుపడుతున్నాడు. "ఇగ చాలు బావా, పనైపోయింది గదా, ఆపు" అన్నాను. వంటగదిలోంచి మా అక్క గరిటెతో సహా వచ్చింది.

"కండ్లు దొబ్బినయారా నీకు? ఎవరికోసం చేస్తడు యాక్టింగ్? నాకోసమా? నెల రోజుల సంది నా పేరు యాదికొస్తలేదు మనిషికి. మీ బోర్డు మన్నువడ! నేను అప్పుడే జెప్పిన గదరా నీకు" అని అరిచి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. అప్పుడు గాని నేను ఆయన కళ్ళలోకి సరిగ్గా చూడలేదు. అక్కడ వేళాకోళం జాడే లేదు. ఉత్త భయం ఉంది.

హైదరాబాదు తీసుకుపోయాం. మెదడు డాక్టరు ఒక పెద్దావిడ. ఓపిక గల మనిషి. స్కానింగులు చూసి, ఎన్నో ప్రశ్నలడిగి, డిమెన్షియా అని చెప్పింది. ఎందుకొచ్చిందని అక్క అడిగితే, ఒక్క కారణం చెప్పడం కుదరదంది. సరిగ్గా వేసుకోని బీపీ మందులు ఉన్నాయి, ఏళ్ళకేళ్ళుగా వినపడని చెవులున్నాయి, నలుగురితో మాటలు తగ్గిపోవడం ఉంది, వయసుంది. తర్వాత నిద్ర గురించి అడిగింది. నేను మూడో షిఫ్టుల సంగతి, పొలం సంగతి, వేపచెట్టు కింద కునుకు సంగతి చెప్పాను. చెబుతుంటే అంతకు ముందెన్నడూ లేని సిగ్గు వేసింది. అదే కథను నేను ఎంతమంది దగ్గర గొప్పగా చెప్పలేదు!

ఆవిడ బావ వైపు కుర్చీ జరిపి, ఆయనకే చెప్పింది, గట్టిగా, నిదానంగా. మెదడు పగలంతా పనిచేస్తుంది గనక అందులో కొంత మలినం పేరుకుంటుందట. గాఢంగా నిద్రపోయినప్పుడు మెదడు సందుల్లోంచి నీళ్ళలాంటి ద్రవం పారి, ఆ మలినాన్ని కొంత కడిగి బయటికి తీసుకుపోతుందట. నిద్ర చాలకపోతే ఆ కడుగుడు సరిగ్గా సాగక, మెదడును పాడుచేసే సరుకు కొంచెం కొంచెంగా నిలవ పడుతుందని అనుకుంటున్నారట. ఇదింకా పూర్తిగా తేలలేదు, పరిశోధనలు జరుగుతున్నాయి అని కూడా చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

బావ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు. ఎంత అర్థమయిందో అనుకున్నాను. కాసేపటికి, "పంపు" అన్నాడు.

"ఏంటండీ?" అంది డాక్టరు.

"పంపు నడువాలె. రాత్రంత నడువాలె. బంద్ వెడితే నీళ్ళు నిలుస్తయ్" అన్నాడు బావ. తన నెత్తి మీద వేలు పెట్టి చూపించాడు. "గిక్కడ బంద్ వెట్టిన. గక్కడ నడిపిచ్చిన."

మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇది మొదట ఎప్పుడు గమనించారని డాక్టరు నన్ను అడిగింది. లైటు నంబరు రోజు సంగతి చెప్పాను. "మరి అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?" అంది. ఆ ప్రశ్నకు నేనేం చెప్పను? నటిస్తున్నాడనుకుని మెచ్చుకున్నామని, తప్పుడు జవాబులు దగ్గర కూర్చుని నేర్పామని, రోగం ఖాయమైన నాడు మేకను కోశామని ఆవిడకెట్లా చెప్పను? ముందే వచ్చి ఉంటే జబ్బును ఆపేదాన్నని చెప్పలేను గానీ, బీపీ, చెవులు, నిద్ర సరిచూసుకుని ఉంటే ఇంకొంతకాలం మీ మనిషి మీకు మీ మనిషిగా ఉండేవాడేమో అంది ఆవిడ. ఆ ఇంకొంతకాలం ఎంతో నాకు తెలియదు. ఎంతైనా అది మా అక్కది. మా వేళాకోళంలో పోయింది.

ఇప్పుడు బావకు చెవి మిషనుంది. దాన్ని లాగి జేబులో వేసుకుంటాడు, అక్క మళ్ళీ పెడుతుంది. బీపీ గోలీ నేనే వేయిస్తాను. పొద్దున గ్రౌండు చుట్టూ నా చెయ్యి పట్టుకుని నడుస్తాడు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళతోనూ మాట్లాడించమని డాక్టరు చెప్పింది గనక, గ్రౌండులో ఉన్న రిటైరైనవాళ్ళందరినీ ఆపి మాట్లాడిస్తాను. రాత్రి పెందలాడే అక్క దీపం ఆర్పి పడుకోబెడుతుంది. నిద్ర విషయంలో నేనూ మారాను. మా ఆవిడ వేళాకోళం చేసినా సరే, తొమ్మిదయ్యేసరికి మంచమెక్కుతున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళేసరికి, మా అల్లుడు ఫోనులో ఎవరితోనో, "నీ మూడో షిఫ్టు నాకియ్యన్నా, పొద్దంత పొలం కాడ పనున్నది" అంటున్నాడు. ఫోను గుంజుకున్నాను.

"ఏం రోగంరా నీకు? షిఫ్టు పడ్డప్పుడు చెయ్యి, వద్దనలే. అడుక్కొని చేస్తవా? పొలం కౌలుకియ్యి. ఇంట్ల ఒక్కడు చాలడా?"

"ఏంది మామా, బాపు చెయ్యలేదా? నేను గూడ..."

"మీ బాపు ఏమైండో కనవడ్తలేదా? ఆయన ఉత్తగ యాక్టింగ్ చేసి నీకు నౌకరి ఇప్పిచ్చిండనుకుంటున్నవా?"

బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మా అరుపులు మిషనులోంచి వినపడ్డట్టున్నాయి. "నేను యాక్టింగ్ చెయ్యలే" అన్నాడు.

ఆయన అంత తేటగా మాట్లాడి చాలా రోజులైంది. నా వైపు చూస్తున్నాడు, నేనే అని తెలిసే చూస్తున్నాడు.

"నువ్వు తప్పులు చెప్పుమన్నవ్. నేను అన్ని కరెక్టే చెప్పాలె అనుకున్న బామ్మర్దీ. లోపట మస్తు కోషిష్ చేసిన. ఒక్కటి కరెక్టు జెప్తే చాలు, నాకేం కాలేదన్నట్టే గదా అనుకున్న. కొడుకు పేరు అడిగిండ్రు. గదొక్కటన్న చెప్పాలె అని గట్టిగ పట్టుకున్న. రాలే."

మా అల్లుడు నా చేతిలోని ఫోను అడగలేదు. వెళ్ళి తండ్రి పక్కన మంచం మీద కూర్చుని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, తన పేరు చెప్పాడు.

"గదే" అన్నాడు బావ. "గదే, గదే."